పాత అరబ్ బాకు, పగిలిన పిడి: వేలం పాట పాడాలా వద్దా?

ప్రశ్న: మాది ఆర్మూర్ దగ్గర పల్లె. చాలాకాలంగా మస్కట్‌లో ఉద్యోగం. ఇక్కడి పాత బజారైన మత్రా సూక్‌లో ఖంజర్లు (ఒమానీ వంపు బాకులు) చూసీ చూసీ వాటి మీద ఇష్టం పెరిగింది. ఇంగ్లండ్‌లోని ఒక వేలం సంస్థ వచ్చేవారం ఆన్‌లైన్‌లో పెడుతున్న పాటలో రెండు నాకు నచ్చాయి. ఒకటి ఒమానీ ఖంజర్. ఒరకు ఉండాల్సిన ఉంగరాల్లో రెండు లేవు, మొన దగ్గరి వెండి తొడుగు సొట్టపోయింది, బెల్టు చిరిగింది. అంచనా 300 నుంచి 400 పౌండ్లు. రెండోదాన్ని ‘హైదరాబాద్ జంబియా’ (జంబియా అంటే యెమెన్ తరహా వంపు బాకు) అని రాశారు. అలుగు (కోసే లోహపు రేకు) మీద నీటి అలల్లాంటి చారలున్నాయి, ఒర లేదు, కొమ్ము పిడి పగిలితే అతికించినట్టు కనిపిస్తోంది. అంచనా 500 నుంచి 700. దెబ్బతిన్నవి చవగ్గా వస్తాయి కదా, కొని ఇక్కడే బాగుచేయించుకుంటే సరిపోతుందా? ఎంతవరకు పాడవచ్చు? తర్వాత ఇంటికి తెచ్చుకోవచ్చా?

సమాధానం: దెబ్బతిన్నది చవక అన్న మాట సగమే నిజం. పాత ఆయుధాల వేలంలో అనుభవం ఉన్న పాటదారులు దెబ్బను చూసి వెనక్కి తగ్గరు. అది ఎక్కడ తగిలిందో చూస్తారు. పోయిన ఉంగరం, చిరిగిన బెల్టు, సొట్టపడ్డ తొడుగు కంటికి కనబడే లోపాలు. వాటికి లెక్క కట్టవచ్చు, ఆ లెక్క ప్రకారం పాట తగ్గించుకోవచ్చు. కంటికి కనబడకుండా చేసిన మరమ్మతుకు లెక్క కట్టలేం. అందుకే నేను విరిగిన బాకుకన్నా బాగుచేసిన బాకుకే ఎక్కువ భయపడతాను. ఆ లెక్కన మీ మొదటి లాట్‌కు (వేలంలో ఒక్కో వస్తువును లాట్ అంటారు), అడిగే ప్రశ్నలకు జవాబులు సరిగ్గా వస్తే, నిశ్చింతగా పాడవచ్చు. రెండోదాని విషయంలో ముందు తేలాల్సినవి చాలా ఉన్నాయి.

ఖంజర్‌తో మొదలుపెడదాం. ఒమానీ ఖంజర్ ఒకే వస్తువు కాదు, అయిదారు చేతిపనుల కూర్పు. ఇనుప పని ఒకరిది, పిడి చెక్కేది మరొకరు, ఒరలోని చెక్కకు తోలు తొడిగేవారు, ఆ తోలు మీద వెండి తీగతో అల్లిక కుట్టేవారు, బెల్టు నేసేవారు. ఒర నడుమ సాధారణంగా ఏడు ఉంగరాలు కనిపిస్తాయి. కొన్ని బెల్టును పట్టి ఉంచుతాయి, మిగతావి వెండి తీగల అల్లికకు ఆధారం. రోజూ నడుముకు కట్టుకునే వస్తువు కాబట్టి ముందు అరిగేవీ ఊడేవీ ఇవే. రెండు ఉంగరాలు లేవంటే దాన్ని ఎవరో నిజంగా కట్టుకు తిరిగారనుకోవచ్చు. మొన దగ్గర సొట్ట కూడా అంతే. కూర్చున్నప్పుడల్లా నేలకో గోడకో తగిలేది ఆ కొసే. ఇవేవీ ఆ వస్తువు విలువను పెద్దగా తగ్గించవు.

ఫొటోలో కనబడనివే మీరు అడిగి తెలుసుకోవాలి. కేటలాగులో ఎప్పుడూ ముందు వైపే చూపిస్తారు. వెనక వైపు ఫొటో అడగండి. ఒర వెనక భాగంలో తోలు మామూలుగా ఉంటుంది, అలంకారం ఉండదు, అందుకే అతుకులూ కొత్త కుట్లూ అక్కడే బయటపడతాయి. పాత ఖంజర్లలో చాలావాటికి వెనక చిన్న తోలు అరలో ఒక చిన్న చాకు కూడా ఉంటుంది, రోజువారీ పనులకు. అది తరచుగా పోతుంది. పోయినా ఫరవాలేదు, కానీ అర ఉండి చాకు లేకపోతే ఆ సంగతి వస్తువు స్థితిపై సంస్థ ఇచ్చే కండిషన్ రిపోర్ట్‌లో రాశారో లేదో చూడండి. అది రాసినవాళ్లు మిగతా లోపాలు కూడా దాచకుండా రాసి ఉంటారని నమ్మవచ్చు.

తర్వాత అడగాల్సింది, బాకు ఒరలోంచి బయటకు వస్తుందా అని. వింతగా అనిపించవచ్చుగానీ, తుప్పు పట్టి ఒరలోనే ఇరుక్కుపోయినవి వేలాల్లోకి తరచుగా వస్తాయి. వాటిని ఎవరో గట్టిగా లాగితే పిడి మాత్రమే చేతికొస్తుంది. అలుగు తోక పిడిలోకి దూరి ఉంటుంది, దాన్ని లక్కలాంటి బంకతో బిగిస్తారు. ఆ బంక వేడికి మెత్తబడుతుంది, పాతబడితే పొడై రాలుతుంది. పిడి కదులుతుంటే అది చిన్న లోపం, మళ్లీ బిగించవచ్చు. తోక లోపలే విరిగి ఉంటే పెద్ద లోపం. కాబట్టి అలుగు పూర్తిగా బయటకు తీసి రెండు వైపులా, పిడి అలుగు కలిసే చోట దగ్గరగా, మూడు నాలుగు ఫొటోలు పంపమనండి. మంచి సంస్థలు అడిగిన రోజో మర్నాడో పంపుతాయి. పంపని సంస్థ లాట్‌కు పాడకండి.

వెండి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. పాత అరబ్ వెండి పనికి ఇంగ్లండ్ వెండి సామానులా ముద్రలుండవు. 20వ శతాబ్దం మధ్య వరకూ ఆ ప్రాంతమంతటా చెలామణి అయిన నాణెం ఆస్ట్రియా రాణి మరియా థెరిసా పేరిట పోసిన థేలర్. ఎప్పుడు పోసినా దాని మీద 1780 అనే ఉంటుంది. బరువు 28 గ్రాములు, వెయ్యికి 833 పాళ్లు వెండి. కంసాలులు ఈ నాణేలనే కరిగించి పని చేసేవారు. అందుకని ముద్ర లేదని అనుమానించనక్కర్లేదు. పాత పని అని చెప్పి ‘925’ అని ముద్ర ఉంటేనే ఆగి ఆలోచించాలి.

అసలు చూడాల్సింది మాటు, అంటే లోహం కరిగించి పెట్టిన అతుకు. పాత కంసాలి వెండి మాటు పెడితే అతుకు సన్నగా, దాదాపు కనబడకుండా ఉంటుంది. తర్వాతి కాలంలో ఎవరో తొందరలో తగరం-సీసం మాటు పెట్టి ఉంటే అతుకు దగ్గర మసక బూడిద రంగు ముద్ద కనిపిస్తుంది. అది చూడ్డానికి మాత్రమే వికారం అనుకోకండి. సీసం తగిలిన వెండిని తర్వాత ఏ పనివాడైనా సరైన మాటు కోసం ఎర్రగా కాలిస్తే ఆ సీసం వెండిలోకి చొచ్చుకుపోయి చిల్లులు పెడుతుంది. పెద్ద పనితనం ఉన్నవాళ్లు కూడా ముందు ఆ సీసాన్నంతా గీకి తీయకుండా దాన్ని ముట్టరు. ఒక ఉంగరం లేని ఒర, సీసంతో ఉంగరం అతికించిన ఒర పక్కపక్కన పెడితే నేను మొదటిదానికే ఎక్కువ పాడతాను. మీ లాట్‌లో మిగిలిన ఉంగరాల మొదళ్లు దగ్గరగా చూపించమని అడగండి.

ఇక అలుగు కొత్తది, పిడి పాతది అయితే? దీన్ని మోసం అని వెంటనే అనకండి. అరేబియాలో బాకు వాడకంలో ఉన్న వస్తువు. తాత పిడిని దాచుకుని కొత్త అలుగు వేయించుకోవడం, పిడి అదే ఉండగా ఒర మార్చుకోవడం మామూలు. యెమెన్‌లోనైతే విలువంతా పిడిదే. మార్పు ఎప్పుడు జరిగిందన్నదే ముఖ్యం. డెబ్బై ఎనభై ఏళ్ల కిందట వేసిన అలుగైతే పిడితో సమానంగా అరిగి, ఒరలో చక్కగా కూర్చుంటుంది. అమ్మడానికి నిన్నమొన్న కలిపినదైతే ఒర వంపు ఒక తీరు, అలుగు వంపు మరో తీరు. ఒర నోటి దగ్గర రాపిడి గుర్తులు, అలుగు మొదట్లో ఉన్న గుర్తులు కలవవు.

రెండో లాట్ దగ్గరకు వద్దాం. ‘హైదరాబాద్ జంబియా’ అన్న పేరు వెనక నిజమైన చరిత్ర ఉంది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు నిజాం సైన్యంలో పనిచేశారు. హైదరాబాద్‌లో వాళ్లు స్థిరపడ్డ బార్కస్ పేరు బ్యారక్స్ నుంచే వచ్చింది. యెమెన్ తీరంలో ముకల్లాను ఏలిన ఖుఐతీ వంశం సంపాదన మొదలైంది కూడా హైదరాబాద్ కొలువులోనే. చౌష్‌లనే ఆ అరబ్ కుటుంబాల పెళ్లిళ్లలో మర్ఫా డప్పుల మోతకు జంబియా పట్టుకుని ఆడడం హైదరాబాదీలకు తెలియంది కాదు. ఆ సైనికుల కోసం అరబ్ ఆకారంలో, దక్కనీ పనితనంతో బాకులు తయారయ్యాయి. వంపు అలుగు, మధ్యలో ఎత్తుగా లేచిన ఈనె, దాని మొదట్లో బంగారు తీగ తాపడం లాంటివి వీటిలో కనిపిస్తాయి. మీరు చెప్పిన అలల చారలు నిజమైనవైతే అది మూసలో కరిగించి తీసిన ఉక్కు. మీ ఆర్మూర్‌కు దగ్గర్లోని కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుపడ్డ ఊరు. పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కుపోయేవారు. మీ మనసు దాని మీదకు ఎందుకు పోయిందో నాకు అర్థమైంది. అందుకే ఇంకా జాగ్రత్తగా ఉండమంటున్నాను. మన నేల పేరు వినగానే చేయి పైకి లేస్తుంది.

మొదట ఆ చారలు. మామూలు ఇనుము మీద ఆమ్లంతో గీసి అలలు పుట్టించడం పాత విద్యే. నిజమైన ఉక్కులో చార లోహంలోనే ఉంటుంది, ఈనె మీదుగా, వాదర (పదునైన అంచు) దాకా తెగకుండా నడుస్తుంది. అరిగిన చోట మసకబారినా దిశ మారదు. గీసినదైతే పైపైన ఒకే తీరుగా పరుచుకుని, గీత పడిన చోట గానీ వాదర అరిగిన చోట గానీ హఠాత్తుగా ఆగిపోతుంది. కొన్ని నిజమైన అలుగుల మీద ఎవరో సానపట్టి చారలు పోగొడతారు. అది తిరిగి తేగలిగిన నష్టమే, కానీ తెలిసినవాళ్ల చేతిలో మాత్రమే.

తర్వాత పిడి. నా భయమంతా ఇక్కడే. కొమ్ము అని రాశారే తప్ప ఏ కొమ్మో రాయలేదు. యెమెన్ జంబియాలకు అన్నిటికన్నా గొప్ప పిడి ఖడ్గమృగం కొమ్ముది, దాన్ని సైఫానీ అంటారు. 1970ల్లో గల్ఫ్ చమురు పనులకు వెళ్లిన యెమెనీల చేతికి డబ్బు వచ్చాక ఆ పిడికి గిరాకీ ఎంత పెరిగిందంటే ఆఫ్రికాలో ఖడ్గమృగాల వేటకు అదొక ప్రధాన కారణమైంది. యెమెన్ 1982లో ఆ కొమ్ము దిగుమతిని నిషేధించింది, 1997లో వన్యప్రాణి వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందంలో చేరింది. పాత పిడి అయినా సరే, దేశం దాటించాలంటే ఆ ఒప్పందం కింద పత్రాలు కావాలి. బ్రిటన్‌లో 1947కు ముందు చెక్కిన వస్తువని తేలితే అక్కడ అమ్మడం వేరు సంగతి, అక్కడి నుంచి మస్కట్‌కు పంపడం పూర్తిగా వేరు సంగతి. డబ్బు కట్టేశాక వస్తువు వాళ్ల గోదాములోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. ఏనుగు దంతమైతే బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి అమలవుతున్న దంతం చట్టం ప్రకారం కొద్ది మినహాయింపులు తప్ప అసలు అమ్మకమే కుదరదు.

గేదె కొమ్మా, ఖడ్గమృగం కొమ్మా అన్నది ఫొటోలో తేల్చడం కష్టం. వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే ఖడ్గమృగం కొమ్ము అంచుల దగ్గర తేనె రంగులో వెలుతురు దాటిస్తుంది. లోపల వెంట్రుకల్లాంటి సన్నని పోగులు నిలువునా కనిపిస్తాయి, అడ్డకోతలో అవే చుక్కలవుతాయి. గేదె కొమ్ము పొరలు పొరలుగా ఉంటుంది. ప్లాస్టిక్‌లో పోగూ ఉండదు, పొరా ఉండదు, కొన్నిసార్లు బుడగలు కనిపిస్తాయి. కాల్చిన సూదితో గుచ్చి వాసన చూడమని కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చేయవద్దు, ఎవరినీ చేయనివ్వవద్దు. రెండు కొమ్ములూ కాలిన వెంట్రుక వాసనే వేస్తాయి, తేలేదేమీ లేదు, పిడికి మచ్చ మాత్రం మిగులుతుంది.

పైగా మీది పగిలి అతికించిన పిడి. దేనితో అతికించారు? రెండు పాళ్లు కలిపే ఎపాక్సీ అయితే అది పగులు దాటి కొమ్ము పోగుల్లోకి ఇంకి ఉంటుంది, తిరిగి విప్పడం దాదాపు అసాధ్యం. పగులు పిడిని బిగించే మేకు రంధ్రం గుండా పోయి ఉంటే పిడి బరువు మోసేది ఇక ఆ జిగురే. అతికించేటప్పుడు రాలిన ముక్కల స్థానంలో రంగు కలిపిన మైనమో రెసిన్‌నో నింపి ఉంటారు. ఈ మూడింటికీ సంస్థ రాతపూర్వకంగా జవాబివ్వాలి. కేటలాగులో ‘ఏ/ఎఫ్’ అన్న రెండక్షరాలు ఉన్నాయేమో కూడా చూడండి. ఉన్నది ఉన్నట్టుగా, అన్ని లోపాలతో అమ్ముతున్నాం అని దాని భావం. ఆ అక్షరాలున్న లాట్‌ను లోపం ఉందని వెనక్కి ఇవ్వడం కుదరదు.

ఆ సంస్థను ‘హైదరాబాద్’ అని దేని ఆధారంగా రాశారో కూడా అడగండి. చాలాసార్లు అది కేటలాగు రాసినవారి ఊహ మాత్రమే. ఏడెన్ 1967 దాకా బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉంది, ఒమాన్‌లో వాళ్ల అధికారులు చాలాకాలం పనిచేశారు. ఇంగ్లండ్‌లో చిన్న ఊళ్ల వేలాల్లోకి కూడా ఈ బాకులు రావడానికి ఒక ముఖ్య కారణం అదే. ఎవరో తాత తెచ్చుకున్నది, మనవలు అమ్ముతున్నది. ఆ తాత ఏ సంవత్సరంలో ఎక్కడ ఉన్నాడో చెప్పే ఒక ఉత్తరం, ఒక ఫొటో ఉంటే దాని విలువ ఒర మీది వెండికన్నా ఎక్కువ. 2015లో లండన్ క్రిస్టీస్‌లో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్‌కు చెందిన జంబియా 1,22,500 పౌండ్లు పలికింది. 1917లో అకబా రేవు పట్టుకున్నాక అరబ్ నాయకుడు షరీఫ్ నాసిర్ ఆయనకు ఇచ్చినది అది. బంగారు పూత ఉన్న వెండి పనే, అంతకన్నా అందమైనవి చాలా ఉన్నాయి. పలికింది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందన్న ఆధారం. దేశం దాటకుండా బ్రిటన్ ప్రభుత్వం ఆపింది, చివరికి అక్కడి నేషనల్ ఆర్మీ మ్యూజియంకు చేరింది. మీ లాట్ల వెనక అంత పేరు ఉండదు, కానీ ఒక మామూలు ఉద్యోగి రాసిన జాబితా దొరికినా మేలే.

ఇక డబ్బు. తెర మీద కనిపించేది మీరు కట్టేది కాదు. 400కి పాట ఆగితే దాని మీద సంస్థ కొనేవారి నుంచి తీసుకునే కమీషన్ (ప్రీమియం) ఉంటుంది, సంస్థను బట్టి మారుతుంది, 25 శాతం అనుకుంటే 100. ఆ వంద మీద 20 శాతం పన్ను, ఇంకో 20. బయటి వెబ్‌సైట్ ద్వారా పాడితే దాని రుసుము మూడు నుంచి అయిదు శాతం, మీద పన్ను. అప్పటికే దాదాపు 534 నుంచి 544. ప్యాకింగ్, బీమా, కొరియర్ వేరు, ఒమాన్‌లో సుంకం, వ్యాట్ వేరు. మొత్తం 600 దాటినా ఆశ్చర్యపోకండి. పైగా చాలా కొరియర్ కంపెనీలు బాకులు తీసుకోవు. ఎవరు పంపుతారో, ఒమాన్‌లో అనుమతి ఏం కావాలో పాటకు ముందే కనుక్కోండి. అక్కడ కస్టమ్స్ రాయల్ ఒమాన్ పోలీస్ కిందే ఉంది, కాబట్టి రెండు ప్రశ్నలూ ఒకే చోట అడగవచ్చు.

ఇంటికి తేవడం గురించి అడిగారు. మన ఆయుధాల చట్టం 1959 ప్రకారం ఆయుధాల దిగుమతికి లైసెన్సు కావాలి. బాకుల విషయంలో అలుగు పొడవు 9 అంగుళాలు గానీ వెడల్పు 2 అంగుళాలు గానీ దాటితే లైసెన్సు అన్న కొలత ఉంది. ఖంజర్ అలుగులు ఎక్కువగా దానిలోపే ఉంటాయి. అయినా కొలత ఒక్కదాన్నే నమ్ముకుని సంచిలో పెట్టుకు రావద్దు. ముందుగా కస్టమ్స్‌కు రాసి జవాబు తెచ్చుకోండి, విమానాశ్రయంలో వస్తువులు చూపించి దాటే రెడ్ ఛానల్‌లో రసీదుతో చూపించండి. ఖడ్గమృగం కొమ్ము, దంతం ఉన్నది మాత్రం తేనే వద్దు, వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. మరో సంగతి చాలామందికి తట్టదు. వందేళ్లు దాటిన వస్తువు మన దేశంలోకి వచ్చాక 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తుంది. దాన్ని మళ్లీ బయటికి పంపడం వ్యక్తులకు కుదరదు. రేపు అవసరానికి లండన్‌లో అమ్ముకుందాం అన్న ఆలోచన ఉంటే ఇంటికి తెచ్చే ముందే ఆలోచించుకోండి.

బాగుచేయించడం గురించి నా మాట కొంచెం కఠినంగా ఉంటుంది. ఒమాన్‌లో ఖంజర్ పని ఇంకా బతికే ఉంది, 2022లో యునెస్కో ఆ కళను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మత్రాలోనూ నిజ్వాలోనూ చేయి తిరిగిన కంసాలులు ఉన్నారు. వాళ్ల పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ కట్టుకునేవాళ్లకు కొత్తదిలా మెరిపించి ఇవ్వడం వాళ్లకు అలవాటు. మీరు ఏమీ చెప్పకుండా చేతికిస్తే పాలిష్ పట్టి, తీగ పీకి కొత్త తీగ కుట్టి, సొట్ట కొట్టి సరిచేసి ఇస్తారు. వందేళ్ల నలుపు ఒక పూటలో పోతుంది. అందుకని చెప్పి చేయించండి: ఊడిపోతున్న తీగను పాత రంధ్రాల్లోంచే పట్టి కుట్టమనండి, బెల్టు వెనక కొత్త గుడ్డ వేసి నిలబెట్టమనండి. కొత్త ఉంగరాలు కావాలంటే కుట్టి బిగించమనండి, మాటు వద్దని చెప్పండి. రేపు ఎవరైనా విప్పేయగలిగిన పనికే ఒప్పుకోండి. సొట్టను వదిలేయండి, పాత పల్చని వెండిని లోపలి నుంచి కొడితే చీలుతుంది. తీసేసిన ప్రతి ముక్కా కవరులో పెట్టి తేదీ రాసి దాచండి. ఒక లాట్ ముక్కలతో ఇంకో లాట్‌ను నింపే ఆలోచన మాత్రం వద్దు. రెండు నిజాలు కలిసి ఒక అబద్ధం అవుతుంది.

ఇంటికి వచ్చాక అలుగును ఒరలో ఉంచి దాచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలు శుద్ధికి వాడిన పదార్థాలు ఇనుమును తింటాయి. మస్కట్ వేసవిలో కారులో వదిలేస్తే పిడిలోని బంక మెత్తబడుతుంది, అదీ గుర్తుంచుకోండి. అలుగుకు పల్చగా నూనె లేదా మైనం రాసి, ఆమ్లం లేని కాగితంలో చుట్టి విడిగా పెట్టండి.

పాట విషయం. రేపే సంస్థకు ఈమెయిల్ రాయండి. ఖంజర్‌కు వెనక ఫొటో, ఉంగరాల మొదళ్లు, అలుగు రెండు వైపులు, బరువు. జంబియాకు పిడి ఏ కొమ్ము, అతుకు ఏ జిగురు, హైదరాబాద్ అన్నది దేని ఆధారంగా, మస్కట్‌కు పంపగలరా. ఖంజర్ జవాబులు సరిగ్గా ఉంటే అన్ని ఖర్చులూ కలిపి మీరు భరించగల మొత్తం తేల్చుకుని, అందులోంచి వెనక్కి లెక్కవేసి వచ్చిన అంకెను ముందుగానే రాతపూర్వకంగా ఇచ్చేయండి. 600 మించకూడదనుకుంటే మీ పాట 400కు ముందే ఆగాలి. ఆ రోజు తెర ముందు కూర్చోవద్దు, కిందటిసారి చేజారిన దాని ఉక్రోషం ఈసారి పాటను పెంచుతుంది. జంబియా పిడి గురించి స్పష్టమైన జవాబు రాకపోతే, అలుగు ఎంత మనసు లాగినా, ఆ లాట్‌కు ఒక్క పౌండు కూడా పాడకండి. వచ్చిన జవాబులు నాకు పంపండి, ఫొటోలు చూసి పాటకు ముందే రాస్తాను.